మొదటి మట్టి నమూనాకు డబ్బు ఎవరిది?

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ పారిశ్రామిక భూముల బదలాయింపు విధానాన్ని ప్రకటించినప్పుడు వాదోపవాదాలన్నీ భూమి ధర చుట్టూనే తిరిగాయి. అవుటర్ రింగ్ రోడ్డుకు లోపల ఉన్న 22 పారిశ్రామిక వాడల్లోని సుమారు 9,300 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు, దుకాణాలకు మార్చుకోవచ్చు. అందుకు యజమాని రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం కట్టాలి. స్థలం 80 అడుగులు, అంతకు మించిన రోడ్డు మీద ఉంటే 50 శాతం కట్టాలి. ప్రతిపక్షం ఇది కారుచౌక బేరమన్నది. దీనితో నగరానికి పట్టిన కాలుష్యం వదిలిపోతుందని ప్రభుత్వం అన్నది. ఎకరం ఎంత పలుకుతుందో అందరూ లెక్క కట్టారు. ఆ ఎకరం కింద ఏముందో అడిగిన గొంతులు మాత్రం పలచగా వినిపించాయి.

బాలానగర్, సనత్‌నగర్, జీడిమెట్ల, కాటేదాన్, నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి, పటాన్‌చెరు, బొల్లారం. నగరం వీటిని ఐడీఏలుగా (పారిశ్రామిక అభివృద్ధి ప్రాంతాలుగా), బస్సు స్టాపులుగా ఎరుగును. మందుల ముడిసరుకు, రంగులు, లోహపు పూత, బ్యాటరీలు, ప్లాస్టిక్కు వంటి ఎన్నో పనులు దశాబ్దాల పాటు ఈ వాడల్లో నడిచాయి. ఫ్యాక్టరీ మూతపడిన రోజే పొగ ఆగిపోతుంది. నేల అంత త్వరగా తేరుకోదు. సీసం, క్రోమియం వంటి లోహాలు మట్టి రేణువులను పట్టుకుని తరాల తరబడి అక్కడే కూర్చుంటాయి. ద్రావకాలు, లవణాలు వాన నీటితో కిందికి దిగుతాయి. హైదరాబాద్ గ్రానైటు రాతి మీద నిలిచిన ఊరు. పైన కొన్ని మీటర్లు మెత్తబడిన మొరం, దాని కింద పగుళ్లు పారిన రాయి. ఆ పగుళ్ల వెంట పోయే నీరు ఎటు పోతుందో పైనుంచి చూసి చెప్పడం కష్టం. వంద గజాల దూరంలోని బోరు బాగుండి, కిలోమీటరు అవతలి బోరులో రంగు నీళ్లు వస్తే ఆశ్చర్యపోనక్కర లేదు. అందుకే ఇక్కడి నేలను పరీక్షించడమంటే ఒక మూల గుప్పెడు మట్టి తీసి సీసాలో పోయడంతో తీరే పని కాదు.

అసలు పని చాలా ఉంది. ముందు పాత కాగితాలు తిరగేయాలి: ఆ స్థలంలో ఎవరు ఏమి తయారు చేశారు, డ్రమ్ములు ఎక్కడ పెట్టారు, కాలువ ఎటు తీశారు. కాగితాల్లో దొరకనిది తరచూ పాత కార్మికులకు తెలిసి ఉంటుంది. ఏ గోడ వెనుక గొయ్యి తీసి పూడ్చారో వాళ్లు చూపించగలరు. ఆ తర్వాత వేర్వేరు లోతుల్లో మట్టి నమూనాలు తీయాలి, పరిశీలన బోర్లు వేయాలి, వానాకాలానికి ముందూ తరువాతా నీటిని పరీక్షించాలి. లోహాలకు ఒక పరీక్ష అయితే ద్రావకాలకు మరొకటి. శుద్ధికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే. అయితే చేతి నుంచి పడే మొదటి డబ్బు ఇదే. నేల శుభ్రంగా ఉందని తేలితే ఆ డబ్బు ఎవరి దగ్గరా వసూలు కాదు.

ఆ డబ్బు పెట్టాలని స్థల యజమానికి ఎందుకు అనిపిస్తుంది? మట్టి బాగుందని తేలితే పరీక్ష ఖర్చు దండగ అనుకుంటాడు. చెడిందని తేలితే ధర పడిపోతుంది, శుద్ధి బాధ్యత మెడకు చుట్టుకుంటుంది. పరీక్షే చేయించకపోతే ఈ రెండు బాధలూ లేవు. కొనే బిల్డరుదీ అదే లెక్క. చివరికి ఫ్లాటు కొనే కుటుంబం లింకు డాక్యుమెంట్లు చూస్తుంది, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయిస్తుంది, స్థిరాస్తి నియంత్రణ సంస్థ ఇచ్చే రెరా నంబరు అడుగుతుంది. ఈసీలో తాకట్టు కనిపిస్తుంది, అమ్మకం కనిపిస్తుంది. నేలలోని సీసం కనిపించదు. తెలియకపోవడమే అందరికీ లాభంగా ఉన్నచోట తెలుసుకునే ఖర్చును మార్కెట్టు భరించదు. ప్రభుత్వ నిధి అవసరం ఇక్కడి నుంచే మొదలవుతుంది. చాలామంది అనుకునేట్టు శుద్ధి దగ్గర కాదు, అంతకంటే ఎంతో ముందు, మొదటి నమూనా దగ్గర.

‘పాడు చేసినవాడే చెల్లించాలి’ అన్న సూత్రం ఉండగా ప్రజల పన్నుల సొమ్ము ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. జవాబు పటాన్‌చెరు చరిత్రలో ఉంది.

హైదరాబాద్‌కు మందుల పరిశ్రమ ప్రభుత్వ చేతుల మీదుగా వచ్చింది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్ దగ్గర కర్మాగారం కట్టింది. అక్కడ పని నేర్చుకున్న రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజినీర్లు తరువాత సొంత కంపెనీలు పెట్టారు. వెనుకబడిన మెదక్ జిల్లాకు పరిశ్రమలు రావాలని రాయితీలిచ్చి, స్థలాలిచ్చి పిలిచింది ప్రభుత్వమే. 1980లో ఇందిరా గాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన కాలంలో ఆ రాక మరింత ఊపందుకుంది. అప్పుడు వచ్చినవి ఒకటీ రెండూ కాదు. వందల యూనిట్లు, పక్కపక్కనే, ఒకే వాగులోకి వదిలాయి. మంజీరలో కలిసే నక్కవాగు, దాని ఒడ్డు పల్లెల పొలాలు, కాజీపల్లి, గండిగూడెం చెరువులు ఆ భారాన్ని మోశాయి. తిలాపాపం తలా పిడికెడు అన్న మాటకు ఇంతకంటే సరైన ఉదాహరణ దొరకదు. చెరువు అడుగున పేరుకున్న బురదలో ఏ పిడికెడు ఎవరిదో ఏ ప్రయోగశాలా విడదీసి చెప్పలేదు. కొన్ని కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని చేతులు మారాయి, కొన్ని పేర్లు మార్చుకున్నాయి.

ఈ విషయం మీద 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. కేసు అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు చేరింది. 2017లో అక్కడ తీర్పు వచ్చేసరికి 27 ఏళ్లు గడిచాయి. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ ఈ పోరాటాన్ని భుజాన వేసుకున్న డాక్టర్ కిషన్ రావు వంటివారి జీవితకాలం అందులోనే కరిగిపోయింది. పల్లెలకు మంచినీళ్లు ఇవ్వాలని మధ్యలో కోర్టులు ఆదేశించాయి, పైపులు వేశారు. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేస్తే పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చింది. 70 దాటితే ‘తీవ్ర కలుషితం’. వాడ మొత్తానికీ కలిపి వేసిన మార్కు అది. ఏ సర్వే నంబరు చెడింది, ఏది బాగుందన్నది దాంతో తేలదు.

ఇంతకీ ఈ నేలలో, నీటిలో ఏమున్నదో మనకు తెలిసినంత మేరకు ఎలా తెలిసింది? ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు, కాటేదాన్ మట్టిలో భారలోహాలు కొలిచి పత్రాలు ప్రచురించారు. స్వీడన్ పరిశోధకులు 2007లో పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో, శుద్ధి అయిన తరువాత కూడా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని తేల్చి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశారు. పరిశోధకుల ఆసక్తి పడినచోట మనకు కొలతలున్నాయి, పడనిచోట లేవు. పరిశోధన నిధి ప్రశ్న కోసం ఖర్చవుతుంది. సర్వే నంబర్ల వారీగా నేలనంతా వరుసగా కొలిచే పనికి పరిపాలనలో స్థిరమైన పద్దు కావాలి.

నేల కాలుష్యం మీద చట్టాలు లేవనలేం. పాడు చేసినవాడే చెల్లించాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో రాజస్థాన్‌లోని బిచ్ఛడీ గ్రామం కేసులో గట్టిగా చెప్పింది. ఆ కేసు వేసిన సంస్థే పటాన్‌చెరు పిటిషన్ కూడా వేసింది. బిచ్ఛడీలో కాలుష్యానికి కారణమైన కంపెనీలు ఎవరివో స్పష్టంగా తెలుసు, శుద్ధికి 37.385 కోట్ల రూపాయలని అంచనా కూడా తేలింది. అయినా ఆ డబ్బు కట్టకుండా పిటిషన్ మీద పిటిషన్ వేస్తూ పోయారు. 2011లో సుప్రీంకోర్టు చక్రవడ్డీతో కట్టాలని మళ్లీ చెప్పవలసి వచ్చింది. బాధ్యుడు తెలిసి, మొత్తం తెలిసి, తీర్పు చేతిలో ఉండి కూడా పదిహేనేళ్లు. వందమంది కలిసి చెడగొట్టిన కాజీపల్లి చెరువు సంగతి వేరే చెప్పాలా?

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను తెచ్చింది. ఆలస్యమైనా ఇది పెద్ద అడుగు. జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాలి. రాష్ట్ర మండలి లేదా నిపుణుల సంస్థ 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, తరువాత మరో మూడు నెలల్లో వివరమైన సర్వే చేయాలి. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో చేర్చిన 189 రసాయనాల్లో ఏదైనా హద్దు దాటితే ఆ స్థలాన్ని బహిరంగంగా ప్రకటించి రాకపోకలు నియంత్రించాలి. బాధ్యులను మండలి 90 రోజుల్లో గుర్తించాలి. వాళ్లు చెల్లించాలి; చెల్లించకపోతే, లేదా దొరక్కపోతే, కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు చూడాలి. గుర్తించడానికి గడువులున్నాయి కానీ శుభ్రం చేసి ముగించడానికి నిర్దిష్టమైన గడువు లేదు. అప్పటికి దేశం మొత్తంలో కేంద్రం గుర్తించిన కలుషిత స్థలాలు 103, పని మొదలైనవి ఏడు.

ఈ నియమాల్లో అసలు మెలిక మొదటి మెట్టులోనే ఉంది. అనుమానిత స్థలాల జాబితా ఇవ్వాల్సింది జిల్లా యంత్రాంగం. మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి, రంగారెడ్డి కలెక్టరేట్లలో భూ వివాదాల ఫైళ్లే గుట్టలుగా ఉంటాయి. రసాయనం వాసన పట్టే నిపుణుడు, నమూనా తీసే యంత్రం, పరీక్షకు డబ్బు లేకుండా కలెక్టరు దేనిని ఆధారం చేసుకుని అనుమానించాలి? ఎవరైనా ఫిర్యాదు చేస్తే అనుమానిస్తారు. అంటే గొంతున్న కాలనీ పక్కన ఉన్న నేల జాబితాకెక్కుతుంది, గొంతులేని బస్తీ పక్కన ఉన్నది ఎక్కదు.

డబ్బు అసలు లేదా అంటే, వేర్వేరు సంచుల్లో ఉంది. ఒక్కొక్కదానికి ఒక్కో చిల్లు. 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసి స్వచ్ఛ ఇంధన నిధిని పెట్టారు. 2016 నాటికి సెస్సు 400 రూపాయలైంది. 2017-18 దాకా 86 వేల కోట్లకు పైగా వసూలైతే నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే, అందులో ఖర్చయినది సుమారు 16 వేల కోట్లు. కొన్ని కలుషిత స్థలాల ప్రాజెక్టు నివేదికలకు ఇందులోంచి డబ్బిచ్చారు. అంతలో జీఎస్టీ వచ్చింది, సెస్సు రాష్ట్రాల పరిహారంలో కలిసిపోయింది. 2010లోనే ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌లలో పారిశ్రామిక కాలుష్య నివారణ ప్రాజెక్టు ఒకటి మొదలైంది. కాటేదాన్ దగ్గరి నూర్ మహమ్మద్ కుంట ప్రయోగాత్మక స్థలాల్లో ఒకటిగా ఎంపికైంది, కడప చెత్త దిబ్బ మరొకటి. అప్పు తెచ్చి చేసే శుద్ధి అంటే ఖర్చు రేపటి పన్ను చెల్లింపుదారుడిదే. 1991 చట్టం కింద ప్రమాదకర పరిశ్రమలు బీమా ప్రీమియానికి సమానంగా కట్టే పర్యావరణ సహాయ నిధి ఉంది, కానీ అది ప్రమాదాల బాధితుల కోసం పుట్టింది. ముప్పై ఏళ్ల పాటు బొట్టుబొట్టుగా ఇంకిన విషం చట్టం దృష్టిలో ప్రమాదంలా కనిపించదు. ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రాలకు కేంద్రం, రాష్ట్రం ఏళ్ల తరబడి రాయితీలిచ్చాయి. 2012 తరువాత కేంద్రం వాటా సగానికి పెరిగింది. పటాన్‌చెరు కేంద్రం నుంచి సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి నీటిని నగర మురుగు కాలువ ద్వారా అంబర్‌పేటకు పంపారు. ఇదంతా ఈ రోజు వ్యర్థానికి పెట్టిన ఖర్చు. నిన్నటి మట్టికి ఏ పద్దూ లేదు.

చెత్తతో పోల్చి చూస్తే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పురపాలక డంపింగ్ యార్డులు 2025 నియమాల పరిధిలోకి రావు, వాటికి వేరే దారి ఉంది. స్వచ్ఛ భారత్ రెండో దశలో పేరుకున్న చెత్తకు టన్నుకు 550 రూపాయలని ధర కట్టారు. పది లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాలకు అందులో కేంద్రం వాటా 25 శాతం. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్‌లో కోటి టన్నులకు పైగా ఉన్న గుట్టను వంద కోట్ల రూపాయలకు పైగా పెట్టి మట్టితో, షీట్లతో కప్పారు. కప్పడం శుద్ధి కాదు; గుట్ట నుంచి కారిన నల్ల నీరు మల్కారం చెరువును ఎప్పుడో చేరింది. అయినా అక్కడ ఒక రేటు ఉంది, వాటాలున్నాయి, ఫైలు కదలడానికి ఒక పద్దు నంబరు ఉంది. చెత్త కంపు కొడుతుంది, ఓటరు ముక్కుకు తగులుతుంది. క్రోమియానికి వాసన లేదు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో భోపాల్ చూపించింది. 1984 విషవాయువు దుర్ఘటన జరిగిన ఫ్యాక్టరీలోని 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించి, జూన్ నెలాఖరుకు కాల్చేశారు. కేంద్రం ఇచ్చినది 126 కోట్లు. టన్నుకు సుమారు 37 లక్షల రూపాయలు. అది కూడా గోదాములో మూటగట్టి ఉన్న వ్యర్థానికే. ఆవరణలోని మట్టి, చుట్టుపక్కల భూగర్భజలం అలాగే ఉన్నాయి. ఆ డబ్బు కంపెనీది కాదు, ప్రజలది. ప్రజలు చెల్లించాలా వద్దా అన్న చర్చ నలభై ఏళ్లు సాగింది, చివరికి ప్రజలే చెల్లించారు, అన్నిటికంటే ఎక్కువ ధరకు.

ఇళ్లు కట్టాక తెలిస్తే ఏమవుతుందో నెదర్లాండ్స్‌లోని లెక్కర్‌కెర్క్ అనే ఊరికి అనుభవం. పల్లపు నేలను వ్యర్థంతో పూడ్చి 1970లలో కాలనీ కట్టారు. కింద రసాయనాల డ్రమ్ములు బయటపడ్డాయి. 1980లో సుమారు 270 కుటుంబాలను ఖాళీ చేయించారు, నేలను తవ్వి తీశారు, ఖర్చు ప్రభుత్వం పెట్టింది. అమెరికాలో నయాగరా పక్కన లవ్ కెనాల్ కథా దాదాపు ఇదే. దాని తరువాత 1980లోనే అక్కడ సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. రసాయన, పెట్రోలియం పరిశ్రమల మీద ప్రత్యేక పన్ను వేసి ఆ నిధితో ముందు పని మొదలుపెట్టడం, తరువాత బాధ్యుల నుంచి రాబట్టడం ఆ చట్టం పద్ధతి. పదిమందిలో ఒక్కడు దొరికినా మొత్తం వాడి దగ్గరే వసూలు చేయవచ్చు, మిగతావాళ్లతో తేల్చుకోవడం వాడి తలనొప్పి. తిలాపాపానికి ఇది మందు. 1995 చివర పన్ను గడువు ముగిసిపోయింది, అమెరికా కాంగ్రెస్ మళ్లీ పెట్టలేదు. భారం సాధారణ బడ్జెట్టు మీద పడి పనులు నెమ్మదించాయి. 2021, 2022 చట్టాలతో పన్నును తిరిగి తేవలసి వచ్చింది. దీనితో పాటు అక్కడ మరో చిన్న పథకం ఉంది: పాత ఫ్యాక్టరీ స్థలాల మట్టి పరీక్షకే స్థానిక సంస్థలకు గ్రాంట్లు ఇస్తారు. హైదరాబాద్‌కు పెద్ద చట్టం కంటే ఈ చిన్న పథకం ముందు పనికొస్తుంది.

ఎందుకంటే ఇక్కడ డబ్బు వచ్చే దారి ఇప్పుడే తెరుచుకుంది. 9,300 ఎకరాల్లో ఎంత భాగం మార్పుకు వచ్చినా, రిజిస్ట్రేషన్ విలువలో 30, 50 శాతం చొప్పున వచ్చే రుసుము పెద్ద మొత్తమే. అందులో వందకు రెండు రూపాయలు పక్కన పెట్టి, అదే వాడల మట్టి పరీక్షకు తప్ప మరి దేనికీ వాడకూడదని కట్టడి చేస్తే కలెక్టరు చేతికి ఆధారాలు వస్తాయి. పరీక్షను యజమాని నియమించుకున్న కన్సల్టెంటుకు వదిలేయకూడదు, వాడ మొత్తానికి ఒకే సంస్థ చేయాలి. పగుళ్ల రాయిలో నీరు ప్లాటు సరిహద్దులు పాటించదు. ఈ రుసుము ఒక్కసారి మాత్రమే వస్తుంది. సాధారణ ఖజానాలో కలిస్తే బొగ్గు సెస్సు పోయిన దారినే పోతుంది.

ప్రజాధనం పెడితే పాడు చేసినవాడు తప్పించుకుంటాడన్న అభ్యంతరం తేలికగా తీసేయదగినది కాదు. పెట్టుబడి పెట్టి లాభం తీసుకున్నవాడు వెళ్లిపోతే బస్తీవాసుల పన్నులతో అతని గొయ్యి పూడ్చడం ఏ న్యాయం? అందుకే పెట్టే ప్రతి రూపాయిని ఆ స్థలం మీద బాకీగా రాయాలి, ఆ బాకీ ఈసీలో కనబడాలి. అమ్మకం జరిగిన రోజున అది వసూలు కావాలి. శుద్ధి చేశాక భూమి ధర పెరుగుతుంది, ఆ పెరుగుదల యజమాని జేబులోకే పోతే అది దానమే అవుతుంది. మూతపడిన ప్రభుత్వ రంగ సంస్థల ఆవరణల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ నేల చెడిందని తేలితే పాడు చేసినవాడూ ప్రభుత్వమే, చెల్లించాల్సినవాడూ ప్రభుత్వమే, వాదించడానికి అవతలి పక్షం లేదు. అలాంటి స్థలాలతోనే మొదలుపెడితే ముప్పై ఏళ్ల కేసు భయం ఉండదు.

కాలం మాత్రం తక్కువగా ఉంది. నగరంలో కొత్త టవరు అంటే మూడు నాలుగు అంతస్తుల సెల్లారు. ఒక్కో స్థలం నుంచి వేల టిప్పర్ల మట్టి బయటికి పోతుంది. ఏ పల్లపు ప్లాటు పూడ్చడానికో, ఏ చెరువు గట్టు పక్కకో, ఏ వెంచరు రోడ్డుకో. గోతిలో ఊరిన నీటిని పంపులతో దగ్గరి నాలాలోకి తోడేస్తారు. ఫ్యాక్టరీ ఆవరణలో ఒకచోట ఉన్న విషం అలా ఊరంతా పంపిణీ అవుతుంది, తరువాత ఏ నిధికీ అది అందదు. కాబట్టి మట్టి నివేదిక భూ వినియోగ మార్పు ఉత్తర్వుకు ముందు రావాలి, అది కుదరకపోతే కనీసం తవ్వకం అనుమతికి ముందైనా రావాలి. చెడిన మట్టి అని తేలితే ఆ టిప్పరు వెళ్లాల్సింది దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి. అక్కడ టన్నుకు రుసుము కట్టాలి, చీటీ తీసుకోవాలి. ఆ చీటీ చూపించనిదే పునాది పనికి అనుమతి ఇవ్వకూడదని ఒక్క వాక్యం నిర్మాణ నిబంధనల్లో చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.